తలుపు దగ్గరి మంచం

పోయిన నెలలో మా బడి ఎనిమిదో తరగతి పిల్లల్ని బెంగళూరు తీసుకుపోయాం. కర్నూలు పిల్లలకు ఒక మహానగరాన్నీ ఒక చిత్రశాలనూ ఒకే విడతలో చూపించాలని మా ప్రిన్సిపాల్ గారి ముచ్చట. డ్రాయింగు టీచరును నేనే కాబట్టి బాధ్యత నా మీద పడింది. తిరిగి వచ్చాక, చూసిందేదో రాయమని తలా ఒక కాగితం ఇచ్చాను. సగంమంది మెట్రో రైలు గురించి రాశారు. ఒకడు చిత్రశాల లోపల ఏసీ బాగుందని, బొమ్మల్ని ముట్టుకోనివ్వలేదని రాశాడు. చివరి బెంచీలో కూర్చునే పాప ఒకతి ఇలా రాసింది: "అక్కడ ఒక చీకటి గది ఉంది. గోడ మీద సముద్రం కదులుతూ ఉంటుంది. నేను ఒక్కదాన్నే లోపలికి పోయినాను. లోపలినుంచి తోస్తే తలుపు తెరుచుకుంటుందని మిస్ ముందే చెప్పింది. అందుకే భయం కాలేదు."

నిజమే, చెప్పాను. ఎక్కడికి తీసుకుపోయినా పిల్లల్ని తలుపు ముందు నిలబెట్టి ముందు ఆ మాటే చెబుతాను. తోసి చూపిస్తాను కూడా. తోటి టీచర్లు నవ్వుతారు. ఈ అలవాటు నాకు ఒక మనిషి వల్ల వచ్చింది. ఆమె పేరు రాయను. తన బొమ్మ కింద తన పేరు తనే రాసుకునేది కాదు, ఇప్పుడు నేను రాయడం ఎందుకు?

కడప ఊరి చివర మేం చదివిన ఆ చిన్న ప్రైవేటు ఆర్ట్ కాలేజీ ఇప్పుడు లేదు. మూతపడి, ఫంక్షన్ హాలుగా మారింది. ఆడపిల్లల హాస్టలు దాని వెనకాలే ఉండేది. నల్ల కడప బండలు పరిచిన గదులు, మధ్యాహ్నమైతే ఆ బండల మీద కాలు పెట్టలేనంత వేడి. మాది కర్నూలులో స్టీలు సామాన్ల అంగడి. "బొమ్మలు నేర్చుకోని ఏం చేస్తావు, అంగడి బోర్డు రాస్తావా?" అని మా నాయన ఎగతాళి చేసి, చివరికి కడపలో మేనత్త ఉందన్న ధైర్యంతో పంపించాడు. నేను పెట్టె మోసుకుని గదిలోకి పోయేసరికి ఆమె అప్పటికే వచ్చి ఉంది. గాలి తగిలే కిటికీ పక్క మంచాన్ని ఖాళీగా వదిలేసి, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ తగులుకుంటూ పోయే తలుపు దగ్గరి మంచం మీద కూర్చుని ఉంది.

"కిటికీ పక్కది నువ్వు తీసుకో మ్మే," అంది. "నాకు ఈడ బాగుంటాది."

నేను మర్యాదకు అంటోందనుకున్నాను. సన్నని మనిషి. మోచేతులు గరుకుగా ఉండేవి. నవ్వు వస్తే ముందు కింది పెదవి కొరుక్కునేది, నవ్వొచ్చా అని ఎవరినో అడుగుతున్నట్టు. కోసిగి దగ్గర ఒక పల్లె వాళ్ళది. వానలు పడితే జొన్న, పడకపోతే వలస. బట్టలు సర్దుకుందామని నేను తలుపు వేయబోతే, గబాల్న లేచి వచ్చి, కాలి చెప్పు ఒకటి తీసి గడప మీద అడ్డం పెట్టింది.

"ఇంత సందు ఉండనీ."

అప్పటినుంచి నాలుగేళ్ళూ ఆ చెప్పు అక్కడే. ఆమె ఎడమ చెప్పు ఎప్పుడూ నొక్కుకుపోయి, కుడిదానికన్నా ముందే అరిగిపోయి ఉండేది. మెస్సులో కంచం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి తినేది. క్లాసులో తలుపు పక్క స్టూలు ఆమెది. స్నానానికి పోతే గడియ పెట్టుకునేది కాదు. నన్ను బయట కాపలా ఉండమని, నీళ్ళు పోసుకుంటూ మధ్యమధ్య "ఉండావా?" అని అడిగేది. "ఉన్నాలే తల్లీ, పోసుకో," అని నేను గోడకు ఆనుకుని విసుక్కునేదాన్ని. మా వార్డెనమ్మకు తలుపులు గడియ పెట్టడం ప్రాణం. సాయంత్రం హాజరు వేసుకుంటూ వచ్చి, "ఏం పాపా, దొంగనాయాళ్ళకు దావ చూపిస్తాండావా?" అని చెప్పును కాలితో తన్ని తలుపు లాగేది. ఆమె ఎదురు చెప్పేది కాదు. వార్డెనమ్మ అడుగుల చప్పుడు దూరమయ్యాక లేచి, మళ్ళీ చెప్పు పెట్టేది.

ఇంకొకటి కూడా గమనించాను. ఆమె ఎవరినీ గొంతెత్తి పిలిచేది కాదు. నేను రోడ్డుకు ఆ పక్కన కనిపించినా సరే, బండ్లన్నీ పోయేదాకా ఆగి, దాటి వచ్చి, నా మోచేయి ముట్టుకునేది. "కేకేయచ్చు గదా మ్మే?" అంటే, "వస్తి గదా," అనేది.

బొమ్మలు బొగ్గుతో వేసేది. ఎంత పెద్ద కాగితం ఇచ్చినా అడుగు భాగంలోనే వేసేది. కోళ్ళు, ఇటుకలు, పారలు, తట్ట కింద ఒరిగిన ఆడమనిషి మెడ. పై సగమంతా తెల్లగా మిగిలిపోయేది. మాకు శిల్పం చెప్పే సారు గుంటూరు వైపు మనిషి. పెద్ద నగరాల్లో చదువుకుని వచ్చినవాడు. పిల్లలంటే ప్రేమ ఉన్నవాడు. ఒకరోజు ఆమె వెనక నిలబడి, "బాగుందమ్మా. కానీ పైన అంత చోటు ఎందుకు వదిలేశావు?" అని అడిగాడు.

"అందదు సార్," అంది ఆమె.

క్లాసంతా ఘొల్లుమంది. కాగితం ఆమె ఒళ్ళోనే ఉంది మరి. ఆమె మాత్రం మేమెందుకు నవ్వుతున్నామో తెలియనట్టు చూసింది.

ఆ సాయంత్రం కారం దోశెల బండి దగ్గర నిలబడి ఉన్నప్పుడు అడిగాను, అందకపోవడమేమిటని. దోశె తుంచుకుంటూ చెప్పింది. చిన్నప్పుడు అమ్మానాయనల వెంట బెంగళూరు పోయేదట. వాళ్ళు కట్టే అపార్టుమెంట్లలో, ఆదివారం పని లేనప్పుడు, ఇటుక ముక్కతోనో పొయ్యిలో బొగ్గుతోనో గోడల మీద బొమ్మలు వేసేది. చేయి అందినంత ఎత్తు వరకే. తర్వాత పూత పనివాళ్ళు వచ్చి సిమెంటు పూసేసేవాళ్ళు.

"బెంగళూరులో శానా ఇండ్లలో నా బొమ్మలు ఉండాయి మ్మే," అంది పెదవి కొరుక్కుంటూ. "పూత కింద. ఆ ఇండ్లోళ్ళకు తెలీదు."

"మరి పనిరోజుల్లో నిన్ను ఎవరు చూసుకునేవాళ్ళు?"

"ఎవరుంటారు? షెడ్లో పెట్టి తాళమేస్తాండిరి. పొద్దున పోతే మధ్యాన్నం అన్నానికి వస్తాది అమ్మ. మళ్ళా సాయంత్రం."

పొద్దున ఏం తిన్నదో చెబుతున్నట్టు చెప్పింది. ఏడ్చేదానివి కాదా అని అడిగాను.

"మొదట్లో అరుస్తాంటి. కాంక్రీటు మిల్లరు తిరుగుతాంటే ఎవరికి ఇనపడతాది? ఊరికే గొంతు పోతాదని ఇడిసిపెడ్తి. చట్నీ ఇంకొంచెం ఏపిచ్చుకో, నీకు కారం ఎక్కువైనట్టుండాది."

మూడో ఏడు మమ్మల్ని బెంగళూరు తీసుకుపోయారు. మాలో చాలామందికి అదే మొదటిసారి. మేం అద్దాల దుకాణాలు చూస్తూ, ఒకరి చున్నీ ఒకరు పట్టుకుని నడిచాం. ఆమె మాత్రం తల పైకెత్తి నడిచేది. కట్టుబడి పూర్తికాని మేడ ఏది కనిపించినా నిలబడిపోయేది. నాలుగుసార్లు ఎవరినో గుద్దుకుంది.

"నీకు తెలిసిన ఊరే గదా, మాకేదైనా చూపించు," అన్నాను.

"పైనుంచయితే తెలుసు మ్మే. కింద ఎట్లుంటాదో ఎప్పుడు చూస్తి?"

చిత్రశాలలో మొదటి గంట ఆమె సంతోషంగా ఉంది. ఒక పాత తైలవర్ణ చిత్రం ముందు చాలాసేపు ఆగిపోయింది. ఒకావిడ వీపు మనవైపు పెట్టి, పీట మీద కూర్చుని, జడ విప్పుకుంటూ ఉంటుంది అందులో. మొహం కనిపించదు. "ఈయమ్మను పిల్చినారనుకో," అంది నాతో గుసగుసగా, "ఇప్పుడు తిరుగుతాది చూడు. ఆ మెడ చూడు, తిరగబోతాండాది." బొమ్మను అలా చూడొచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు.

తర్వాతి హాల్లో నల్లరంగు పూసిన చెక్కగది ఒకటి పెట్టారు. మనిషి నిలబడేంత ఎత్తు. ఒక్కొక్కరే లోపలికి పోవాలి. తలుపు దానంతటదే మూసుకుంటుంది. లోపల ఏమీ ఉండదు, చీకటి తప్ప. మనిషికి బందీ కావడమంటే ఏమిటో అనుభవానికి తేవడమే కళాకారుడి ఉద్దేశమని పక్కన బోర్డు మీద రాసి ఉంది. మా వాళ్ళు వరసలో పోయి, కిలకిలలాడుతూ బయటికి వచ్చారు. ఆమె హాలు గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

"వెళ్ళమ్మా," అన్నాడు సారు.

"నాకొద్దు సార్."

"చూడకుండా రేపు క్లాసులో ఏం చెబుతావు? ఒక్క నిమిషం. మీ స్నేహితురాలు ఇక్కడే ఉంటుంది."

ఆమె చెప్పు తీసి తలుపు సందున పెట్టబోయింది. అక్కడున్న కాపలా మనిషి అలా పెట్టకూడదన్నాడు. నా వైపు చూసింది. నేను ఇక్కడే ఉంటానన్నాను. లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఒక నిమిషం అయింది. ఇంకాసేపైంది. మిగతా పిల్లలు తర్వాతి గదికి పోయారు. "చూశావా, ఆ అమ్మాయి ఎంత లీనమైపోయిందో," అన్నాడు సారు మెచ్చుకోలుగా. తలుపు మీద తట్టి, "ఉండావా?" అని అడిగాను. జవాబు లేదు. లాగాను.

మూల గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, గోడ వైపు తిరిగి ఉంది. ఏడవడం లేదు. అలసిపోయి నిద్రకు సిద్ధమైన పసిపిల్లలా ఉంది. చేయి పట్టుకుని బయటికి తెచ్చాను. కాపలా మనిషి కంగారుపడి, "ఏంటమ్మా, తోస్తే వచ్చేస్తుంది గదా!" అని వేలితో తోసి చూపించాడు. ఆమె ఆ తలుపు వంక చూసింది. తనే ఒకసారి తోసింది. తెరుచుకుంది. మూసుకున్నాక మళ్ళీ తోసింది.

"తొయ్యచ్చని నాకు తెలీదు," అంది.

కడప తిరిగి వచ్చాక సారు మమ్మల్ని ఒక్కొక్కరినే లేపి, చూసిన నగరం గురించి, కళ గురించి మాట్లాడమన్నాడు. మేం పెద్దపెద్ద మాటలు వాడాం. శూన్యం అన్నాం. నగరం మనిషిని మింగేస్తుందన్నాం. ఆమె వంతు వచ్చింది. లేచి, తలుపు వైపు చూస్తూ నిలబడింది.

"ఆ చీకట్లో ఉన్నప్పుడు ఏమనుకున్నావో అది చెప్పు, చాలు," అన్నాడు సారు.

"అమ్మ సాయంత్రం వస్తాదనుకున్యా సార్."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. సారు నవ్వలేదు. క్లాసు అయ్యాక ఆమెను కూర్చోబెట్టి అంతా అడిగాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె చెబుతుంటే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మనసులో ఆ రోజే ఒక ఆలోచన పడింది. అది మంచి ఉద్దేశమేనని ఇప్పటికీ అనుకుంటాను.

నాలుగో ఏడు ప్రతివాళ్ళూ ఒక పెద్ద పని చేసి, బయటినుంచి వచ్చే పరీక్షకులకు చూపించాలి. సారు ఆమెతో, "నీ షెడ్డును కట్టు," అన్నాడు. "ఉన్నదున్నట్టు. చూసేవాళ్ళు లోపలికి పోవాలి, బయట తాళం పడాలి. ఆ బెంగళూరు పెట్టె చేసినవాడు ఊహించి చేశాడు. నువ్వు అందులో బతికావు. హైదరాబాదులో పెద్ద ప్రదర్శన ఉంది. పరీక్షకురాలిగా వచ్చే మేడమే దానికి ఎంపిక చేస్తారు. అక్కడికి చేరితే పైచదువుకు దారి దొరుకుతుంది."

ఆమె నెలల తరబడి ఏమీ తేల్చలేదు. "దాంట్లోకి ఇంకొకర్ని ఏంటికి పంపల్ల మ్మే?" అని నన్ను అడిగేది. వాళ్ళ నాయన ఫోను చేసి, చదువు అయిపోగానే పనికి వస్తావా, మేస్త్రీ మనుషుల్ని చూసుకుంటున్నాడని అడిగిన రోజు, పోయి సారుతో సరేనంది.

కాలేజీ వెనక పడేసిన సైకిల్ స్టాండు రేకులతో కట్టింది. నేనూ ఇంకో అమ్మాయీ పట్టుకుంటే ఆమె మేకులు కొట్టేది. ఎత్తు, వెడల్పు, నేల మీద పరచిన సిమెంటు సంచులు, మూలన నీళ్ళ బిందె, అన్నీ ఆమెకు గుర్తున్నాయి. తలుపు మాత్రం చివరిదాకా బిగించలేదు. అది బిగించాక ఇక లోపలికి పోలేదు. చివరి రోజు ఊడ్చింది నేనే.

పరీక్ష రోజు పొద్దున పదిగంటలకే ఎండ మండిపోతోంది. నేను మంచినీళ్ళ కోసం గేటు వైపు పోతే, ఒకావిడ చేతిలో గుడ్డసంచితో వాచ్‌మన్‌ను బతిమాలుతూ కనిపించింది. మోచేతులు చూసి తల్లి అని పోల్చుకున్నాను, కూతురివీ అలాగే గరుకు.

"పాప బొమ్మలు చూపిస్తాండారంట గదమ్మా. వాళ్ళ నాయనకు ఫోన్లో చెప్పిందంట పరీక్షని. చెప్పకుండా వస్తి. కోప్పడతాదా?"

ఏం చేయాలో నాకు తోచలేదు. హాస్టలు గదిలో కూర్చోబెడదామంటే, "కూర్చునేకి వచ్చినానా, చూసేకి వస్తి," అంది. పిలుచుకుపోయాను.

షెడ్డు చుట్టూ ఇరవైమంది దాకా మూగి ఉన్నారు. హైదరాబాదు మేడమ్ అప్పుడే లోపలినుంచి బయటికి వచ్చింది. మొహమంతా చెమట, కళ్ళలో నీళ్ళు. ఆవిడ నిజంగా కదిలిపోయింది. "పసిబిడ్డను ఇలా తాళం వేసి పోవడానికి మనసెలా వస్తుందండీ?" అంది సారుతో. తర్వాత నా స్నేహితురాలి వైపు తిరిగి, "ఎవరమ్మా వేసేది?" అని అడిగింది.

ఆమె నోరు తెరిచింది. అప్పుడే మనుషుల మధ్యలోంచి తల్లిని చూసింది. చేతిలో తాళంచెవి ఉంది. దాన్ని పిడికిట్లో బిగించింది.

"మేస్త్రీ," అంది. "మేస్త్రీ ఏస్తాండె మేడమ్."

మేడమ్ నిట్టూర్చి ఏదో రాసుకుంది. తల్లి నా పక్కనుంచి ముందుకు నడిచింది. రేకు మీద చేయి వేసి, షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగింది, సంతలో ఎద్దును చూసినట్టు. ఆమె ఎవరో నాకూ కూతురికీ తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

"మేస్త్రీ కాదమ్మా," అంది నెమ్మదిగా. "నేనే ఏస్తాంటి. ముందటేడు రాయచూరోళ్ళ పిల్లోడు లిఫ్టు గుంతలో పడి సచ్చిపాయ. దీన్ని యాడ పెట్టల్ల? తట్టతోపాటు నెత్తిన పెట్టుకోని ఎక్కల్లనా?"

మేడమ్ కలం అలాగే పట్టుకుని నిలబడింది. తల్లి కూతురి వైపు తిరిగింది.

"అంతా సరిగానే కడితివి. ఈ పక్క సందు ఏది?"

"ఏ సందు?"

"ఈడ. రేకు మూల వంచి పెడితి గదా, జానెడు. నేను ఐదో అంతస్తులో తట్టలు మోస్తాంటే ఆడినుంచి కనపడల్లని. నీ ఎర్ర గౌను కనపడేది. తట్ట దించినప్పుడల్లా చూస్తాంటి."

ఆమె తల్లి మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. "నువ్వు చూస్తాండేది నాకు తెలీదు," అంది చివరికి. "పిలవకపోతివి ఎప్పుడూ."

"పిలిస్తే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను దిగల్ల. దిగితే మేస్త్రీ ఊరుకుంటాడా?"

పరీక్షకులు ఇబ్బందిగా తర్వాతి పని చూడటానికి కదిలారు. పోతూ పోతూ మేడమ్ సారుతో హైదరాబాదుకు ఇదే తీసుకుంటున్నానంది. మా బ్యాచిలో ఎంపికైంది అదొక్కటే.

మధ్యాహ్నం ముగ్గురం షెడ్డు నీడన కూర్చుని, సంచిలోని జొన్నరొట్టెలు చెనిక్కాయల పొడితో తిన్నాం. తినడం అయ్యాక ఆమె లేచి, పట్టకారు తెచ్చి తల్లి చేతికిచ్చింది.

"యాడ వంచితివో చూపించు."

నేను రేకు పట్టుకున్నాను. తల్లి కింది మూల నుంచి జానెడు పైకి కొలిచి, పట్టకారుతో పట్టి, కాలు తన్నిపెట్టి వంచింది. అంచు చెయ్యి కోయకుండా లోపలికి మడిచింది. వాలిన ఎండ ఆ సందులోంచి లోపలి సిమెంటు సంచుల మీద చారలాగా పడింది. ఆమె లోపలికి పోయి, తలుపు తెరిచే ఉంచి, ఆ చార పక్కన కూర్చుంది. కట్టినప్పటినుంచి ఆమె అందులో కూర్చోవడం అదే మొదలు.

మరుసటి పొద్దున సారు వచ్చి చూశాడు. లోపలికి పోయి, బయటికి వచ్చి, వంచిన రేకు మూలను వేలితో తడిమాడు.

"వెలుగు పడుతోందమ్మా. లోపలికి పోయినవాళ్ళకు ఇక ఊపిరి ఆడకపోవడమన్నది ఉండదు. మేడమ్ ఎంపిక చేసింది దాన్నే. ఇది మూసెయ్యి."

"అది ఉన్నిందంట సార్. మా అమ్మ వంచిందే."

"నిజమేనమ్మా, కాదనను. కానీ హైదరాబాదులో మీ అమ్మ ఎవరికి తెలుసు?"

తల్లి వెనకనుంచి అందుకుంది. "మూసెయ్ పాపా. రేకే గదా. నన్ను ఏమన్నా అనుకోనీ. నాకేం పేరుండాదని చెడిపోతాది? నువ్వు పో హైదరాబాదు."

"నువ్వు ఊరుకో మా."

"నేను చెప్తాండా గదా! మళ్ళా తట్ట మోస్తావా? దానికేనా నిన్ను చదివిచ్చింది?"

"మోస్తా."

ఎవరు ఎంత చెప్పినా ఆ మాట మీదే ఉంది. సారు రెండు రోజులు గడువిచ్చాడు. నన్ను కూడా చెప్పమన్నాడు. చెప్పాను. "దాన్ని మూసి పంపితే అందరూ మా అమ్మను తిడతారు మ్మే. తెరిచి పంపితే తీసుకోరంట. ఇంగ యాడికని పోదును?" అంది. సారు మేడమ్‌కు ఫోను చేసి సంగతి వివరించాడు. ఆవిడ ఆలోచించి చెబుతానంది. చెప్పలేదు. ఆ ఏడు హైదరాబాదుకు మా కాలేజీ నుంచి ఏదీ పోలేదు. ఆమెకు సెకండు క్లాసు వచ్చింది.

తర్వాత ఆమె ఏమీ ప్రయత్నించలేదని కాదు. ఆదోనిలో ఒక ఫ్లెక్సీల అంగట్లో కంప్యూటరు మీద బొమ్మలు కూర్చే పనికి చేరింది. నాయకుల మొహాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు. ఏసీ పోకూడదని అద్దం తలుపు మూసే ఉంచాలన్నారట. వారం తిరక్కుండానే మానేసింది. సుగ్గి వలసకని గుంటూరు వైపు మిరపకోతలకు పోయినప్పుడు ఫోను చేసి, "ఈడ తలుపులే లేవు మ్మే, ఎంత దూరం చూస్తే అంత చేను," అని నవ్వింది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేను వినలేదు. వాళ్ళ నాయన పోయాక మళ్ళీ బెంగళూరు పోయారని తెలిసింది. నంబర్లు మారిపోయాయి. నేను కర్నూలులోనే ఉండిపోయాను. పెళ్ళి, బడి, అంగడి సందు, అంతే.

పిల్లల కాగితాలు దిద్దిన వారమే మా ప్రిన్సిపాల్ గారు చిన్న తరగతులకు ఇంకో డ్రాయింగు టీచరు కావాలన్నారు. ఈ నెలలోపల చేరాలన్నారు. నేను వాళ్ళ పల్లెలో వాళ్ళనూ వీళ్ళనూ అడిగి నంబరు సంపాదించి, మధ్యాహ్నం ఖాళీ పీరియడులో ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక ఏదో యంత్రం తిరుగుతోంది.

ఉద్యోగం సంగతి చెప్పాను. గది కూడా నేనే చూస్తానన్నాను.

"క్లాసు వరండాలో పెట్టచ్చా?" అని అడిగింది.

"పెట్టుకుందువు. ఎవరొద్దంటారు? ఎప్పుడొస్తావో చెప్పు."



"ఉగాది దాకా మేస్త్రీ కదలనియ్యడు మ్మే. మాటిచ్చి వచ్చినాం ఇద్దరమూ. అమ్మకు చాతకాదు, దాని వంతు కూడా నేనే ఎత్తుతాండా."

"ఉగాది దాకా వీళ్ళు ఆగరే! మీ అమ్మ ఏది? ఆమెకివ్వు ఫోను, నేను చెబుతా."

"అమ్మ కింద ఉండాది. నేను పైన తొమ్మిదో అంతస్తులో ఉండా."

"పిలువు మరి."

"కనపడతానే ఉండాది. బియ్యం ఏరుతాండాది." గొంతు తగ్గించింది. "పిలిస్తే లేస్తాది మ్మే. మోకాళ్ళు పట్టేసినాయి. లేస్తే మళ్ళా కూర్చోలేదు."

ఎవరో కన్నడంలో ఆమెను గట్టిగా కేకేశారు. వస్తాండా అంది. ఫోను కట్ చేయడం మరిచి జేబులో వేసుకున్నట్టుంది. ఇసుకలో పార దిగిన చప్పుడు, తట్ట నెత్తికెత్తుకున్న మూలుగు, ఆ తర్వాత మెట్లెక్కుతున్న ఊపిరి వినిపించాయి. బెల్లు కొట్టి పిల్లలు లోపలికి వచ్చేదాకా నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.